సారె పిన్నిగారి గ్రూపు

మొన్న మా తమ్ముడి కూతురి పెళ్ళికి సారె మిఠాయి చెప్పడానికి నేను ఇంట్లోంచి కదలలేదు. అమలాపురంలో ఒక పెద్ద మిఠాయి దుకాణం నంబరుకి ఫోన్లో నమస్కారం పెట్టాను. పెట్టీ పెట్టగానే జవాబొచ్చింది. జవాబిచ్చింది మనిషి కాదు, మర. ఒకటి నొక్కితే పెళ్ళి సారె, రెండు నొక్కితే సీమంతం, మూడు నొక్కితే శ్రావణం. ఒకటి నొక్కాను. చిన్న ప్యాకేజీ, మధ్య ప్యాకేజీ, పెద్ద ప్యాకేజీ అని బొమ్మలొచ్చాయి. మధ్యది నొక్కాను. బరువెంతో, ధరెంతో, ఏ రోజుకి ఇంటికి చేరుతుందో అన్నీ వరసగా వచ్చేశాయి. డబ్బు కట్టేశాను. పక్కన పెట్టుకున్న కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. ఈ పద్ధతి పెట్టుకోండని చుట్టుపక్కల దుకాణాలవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నవాణ్ణి నేనే. అయినా ఆ కాఫీ తాగుతుంటే కొత్తపేట సారె పిన్నిగారు గుర్తొచ్చారు. గుర్తొచ్చి, కోపమొచ్చింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మాత్రం ఉంది.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు రామచంద్రపురంలో ధాన్యం కమిషన్ కొట్లో, బస్తాల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు చిన్న వ్యాపారాలకి పన్నుల లెక్కలు చూసిపెడతాను. ఆ లెక్కలు చూస్తూనే ఒక సంగతి కనిపెట్టాను. సరుకు బాగాలేక మూతపడ్డ కొట్లకంటే, ఫోన్లో అడిగినవాడికి జవాబు చెప్పక మూతపడ్డవి ఎక్కువ. అప్పటినుంచి ఫోన్లో వ్యాపారం ఎలా నడపాలో కూడా చెప్పడం మొదలుపెట్టాను. చాలామంది విన్నారు. పిన్నిగారు కూడా విన్నారు. ఆవిడ వినడమే నాకు ముప్పు తెచ్చింది.

ఆవిడ సారె మిఠాయి తప్ప ఇంకేమీ చేసేవారు కాదు. ఇంటి వెనక రేకుల పంచలో పెద్ద కట్టెల పొయ్యిలు, లడ్డూలు చుట్టడానికి వీధిలోని ఆడవాళ్ళు, ముందు అరుగు మీద పేపరు చదువుకుంటూ వాళ్ళాయన. లోపల ఈవిడ గొంతు పెరిగినప్పుడల్లా ఆయన పేపరు పేజీ తిప్పేవారు. అంతకుమించి ఆయన ఏదైనా అనడం నేను వినలేదు.

ఎవరు వచ్చినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఎన్ని గడపలకి పంచుతారండి?"

సారె తినడానికి కాదు, పంచడానికి. వియ్యాలవారి వీధిలో ఇంటింటికీ ఒక లడ్డూ, ఒక కాజా, ఒక మైసూరుపాకు, రెండు అరటిపళ్ళు వెళ్ళాలి. అందుకని ఆవిడకి కిలో అనే కొలత లేదు, గడపే కొలత. దాని వెనక ఇంకో పది ప్రశ్నలు. వియ్యాలవారిది ఏ ఊరు? వీధిలో బంధువులెందరు? అన్నదమ్ములు కలిసున్నారా, వేరుపడ్డారా?

"వేరుపడితే రెండు గడపలండి. పోట్లాడుకుని వేరుపడితే మూడు."

"మూడోది ఎవరికండీ?"

"మధ్యలో తగువు తీర్చిన పెద్దమనిషికండి. ఆయనకి పెట్టకపోతే మళ్ళీ మొదలెడతాడు."

నేను కష్టపడి గడపల్ని కిలోల్లోకి మార్చాను. ఆవిడ పంపిన పాత సారెలన్నీ తీసుకుని, సగటు గడపకి ఇంత బరువు, ఇంత ధర అని ఒక పట్టీ తయారుచేసి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని పట్టీ చివరిదాకా చూశారు.

"చాలా బాగుందండి అబ్బాయిగారూ. ఈ సగటు గడపలో ఎవరుంటారండీ?"

అంతే, ఆ పట్టీ ఏ పొయ్యిలోకి వెళ్ళిందో నాకు తెలియదు.

ఫోన్లో పెట్టమని ఆవిడే అడిగారు. ఆ మాట న్యాయంగా చెప్పుకోవాలి. పట్నం దుకాణాల పెట్టెలు వచ్చాక ఆవిడకి బేరాలు తగ్గాయి. పెళ్ళిళ్ళవాళ్ళు ముందు ఫోన్లో వెతికి, నలుగురి ధరలు చూసుకుని, తరవాత మాట్లాడుతున్నారు. "నన్నూ ఆ వెతికేదాంట్లో కనపడేలా చెయ్యండి" అన్నారు. చేశాను. పేజీ పెట్టాను, నంబరు పెట్టాను, ఎలా జవాబివ్వాలో నేర్పాను. అన్నిటికీ "ఆయ్" అన్నారు. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. పిన్నిగారు ఆయ్ అంటే నా మాట చెవిన పడినట్టు, అంతవరకే. అది తెలియడానికి నాకు ఒక పెళ్ళిళ్ళ కాలం పట్టింది.

ముందు ఫొటోల గొడవ. లడ్డూల ఫొటో తీసి పెట్టండని చెప్పాను. పెట్టారు. ప్రతి ఫొటోలోనూ లడ్డూల కుప్ప మీద ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ.

"పిన్నిగారూ, బొగ్గేమిటండీ?"

"దిష్టికండి. ఊళ్ళోవాళ్ళ కళ్ళు పడితేనే పాకం తిరగబడుతుంది. మీరు లోకమంతా చూస్తుందన్నారు కదా, అందుకని పెద్ద ముక్కే పెట్టేను."

కొనేవాళ్ళు కింద రాసేవారు, నల్లగా కనపడేది ఏమిటి, మాడిందా అని. ఆవిడ ఒక్కొక్కళ్ళకీ ఓపిగ్గా జవాబు చెప్పేవారు. నాకే ఓపిక లేకపోయింది.

ఆవిడ రాసేవారు కాదు, మాట్లాడి పంపేవారు. ఫోన్ని హారతి పళ్ళెంలా రెండు చేతుల్లో పట్టుకుని, వంగి, దాని అడుగుభాగానికి చెప్పేవారు. అవతలివాళ్ళు పెద్దవాళ్ళయితే చెంగు భుజం చుట్టూ కప్పుకుని మరీ మాట్లాడేవారు. వాళ్ళు చూడరండీ అంటే, "నాకు తెలుస్తుంది కదండీ" అనేవారు. ప్రతిదీ కార్డు ముక్క రాసినట్టు మొదలయ్యేది. ఫలానా ఊరు ఫలానా వదినగారికి నమస్కారమండి, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ పిల్లలు బాగున్నారని తలుస్తాను. చివర "ఉంటానండి మరి" అని చెప్పి, వేలు తియ్యడం మరిచిపోయి, పొయ్యి దగ్గరవాళ్ళని తిట్టే తిట్లు కూడా పంపించేసేవారు.

ఒకసారి హైదరాబాదు నుంచి ఎవరో "రేటు?" అని ఒక్క మాట రాశారు. పిన్నిగారు తీరుబడిగా మాట్లాడి పంపారు. గడపలెన్నని, అమ్మాయి అత్తవారిది అప్పనపల్లి వైపా, అంతర్వేది వైపా అని. "రేటు మాత్రం చెప్పండి చాలు" అని తిరిగొచ్చింది. పిన్నిగారు ఫోను బల్లమీద బోర్లించారు.

"పిన్నిగారూ, వాళ్ళు ఒకేసారి నలుగుర్ని అడుగుతారు. ముందు చెప్పినవాళ్ళ దగ్గర కొంటారు. అన్నం వార్చేలోపల మీరు ధర పెట్టకపోతే బేరం పోయినట్టే."

"ఆయ్."

"ఏం అర్థమైందండీ మీకు?"

"దారిన పోతూ గుమ్మంలోకి తొంగిచూసి, ఏమే ఎంతే అని అరిచినట్టుందండి. అలాంటోడికి లోపల్నించి ఏమని పలుకుతాం?"

"అలా అరవడం వాళ్ళకి తప్పు కాదండీ ఇప్పుడు."

"పలక్కపోవడం నాకూ తప్పు కాదు కదండీ."

బేరం పోయింది. నాకు తలనొప్పి వచ్చింది. ఆవిడ అల్లం వేసి టీ ఇచ్చారు.

ఆ తరవాత ఒకావిడ పిన్నిగారి పేజీలో అయిదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క వేసి, "మిఠాయి బాగుంది, ప్రశ్నలు ఎక్కువ" అని రాసింది. ఇలాంటివి వస్తే రెండు మర్యాద వాక్యాలు రాసి వదిలెయ్యాలని నేను చెప్పిపెట్టాను. పిన్నిగారు ఆయ్ అన్నారు. అని, అరటిగెల ఒకటి ఆటోలో వేయించుకుని, ఆ చుక్క వేసినావిడ ఊరికి, ఇంటికి వెళ్ళారు. ఊరు, ఇల్లు ఈవిడకి తెలియకపోవడం ఎలా ఉంటుంది? గడపలతో సహా అడిగి రాసుకున్న మనిషి.

"ఏమ్మా, మావల్ల ఏదో లోటు జరిగిందంట, ఒక్క చుక్కేసేవంట" అన్నారట గుమ్మంలో నిలబడి.

ఆవిడ బెంబేలెత్తిపోయి అక్కడికక్కడే అయిదు చుక్కలు చేసేసింది. పిన్నిగారు నాకు విజయగర్వంతో ఫోన్ చేశారు.

"చూసేరా? మనిషి మనిషితో మాట్లాడితే ఎలా ఉంటుందో."

"భయపడి వేసిందండీ ఆవిడ!"

"భోజనం పెట్టిందండి. భయపడినవాళ్ళు ముద్దపప్పు వండుతారా?"

ఇలాంటివి ఎదురుతన్నితే బాగుండేది. పనిచేసేవి. అందువల్లే ఆవిడ చెడిపోయారు.

నా మాట విని ఆవిడ చేసిన పని ఒకటుంది. పెళ్ళికూతురి తల్లి సారె చేయించుకుంటుంది. అది పెళ్ళికొడుకు ఇంటికి చేరి, పంచడం అయిపోయాక, పిన్నిగారు ఆ ఇంటికి ఫోన్ చేసి, "అన్ని గడపలకీ సరిపోయేయా అండి?" అని అడిగేవారు. అలా సారె అందుకున్నవాళ్ళు కూడా ఆవిడ మనుషులైపోయేవారు. వాళ్ళింట్లో సీమంతం వచ్చినా, శ్రావణం వచ్చినా మళ్ళీ ఇక్కడికే. ఒక బేరం నుంచి రెండు కుటుంబాలు. దీనికి నేను ముచ్చటపడ్డాను. అందరికీ ఒకేసారి కబురు పంపే ఏర్పాటు ఫోన్లో చేసుకుందామన్నాను. ఎవరికి వాళ్ళకి విడివిడిగా వెళుతుంది, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలియదు. ఆవిడకి నచ్చలేదు.

"ఒక్కొక్కళ్ళ చెవిలో ఊదినట్టు అదేం కబురండీ? అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెబితేనే అందం. గ్రూపు పెట్టండి."

"గ్రూపు వద్దండీ. అందులో కొనేవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారు."

"మాట్లాడుకోవాలనే కదండీ పిలిచేది!"

గ్రూపు మాత్రం అంత తేలిగ్గా పెట్టలేదు. బొట్టు పెట్టి పిలవకుండా ఎవరినీ ఎక్కడికీ చేర్చకూడదని ఆవిడ సిద్ధాంతం. దగ్గరవాళ్ళ ఇళ్ళకి కుంకంభరిణె పట్టుకుని వెళ్ళి, బొట్టు పెట్టి, "మిమ్మల్ని మా గ్రూపులో వేస్తున్నామండి, తప్పకుండా ఉండాలి" అని చెప్పి వచ్చారు. దూరంవాళ్ళకి ఫోన్లోనే, "బొట్టు పెట్టేననుకోండి" అన్నారు. నిమిషాల్లో అయ్యే పనికి ఒక వైశాఖం గడిచిపోయింది. నేను ఇంటికెళ్ళి మా ఆవిడతో, ఇంక ఆ గుమ్మం తొక్కనన్నాను. వారం తిరక్కుండా తొక్కాను. అప్పుడు మా ఆవిడ నవ్విన నవ్వు కూడా పిన్నిగారి లెక్కలోకే వెయ్యాలి.

ఆ వైశాఖంలో రాజోలు నుంచి ఒకావిడ కూతురి పెళ్ళికి సారె చేయించుకుంది. మామిడికుదురులో వియ్యాలవారు. పంచడం అయ్యాక అలవాటు ప్రకారం పిన్నిగారు ఆ పెళ్ళికొడుకు తల్లికి ఫోన్ చేసి, బొట్టు పెట్టాననుకోమని, గ్రూపులో వేశారు. రాజోలావిడ, మామిడికుదురావిడ, వియ్యపురాళ్ళిద్దరూ ఒకే గ్రూపులో. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి వచ్చింది. శ్రావణంలో అత్తవారు కోడలికి పంపే సారెని శ్రావణ పట్టీ అంటాం. దాన్ని మామిడికుదురావిడ పిన్నిగారికే చెప్పింది. వచ్చిన సారెకి తగ్గకుండా కనపడాలి, ఖర్చు మాత్రం తగ్గాలి. ఇలాంటి బేరాలు ఎప్పుడూ ఉన్నవే. సారె చేసేవాళ్ళకి రుచికంటే గుట్టు ముఖ్యం. ఎవరు ఎంతలో చేయించుకున్నారో అవతలి ఇంటికి తెలియకూడదు. పిన్నిగారి దగ్గర ఆ గుట్టు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బయటపడలేదు. ఆవిడ పేరంతా దానిమీదే నిలబడింది.

నేను ఆ రోజు కొత్తపేట బజార్లో ఒక ఎలక్ట్రికల్ కొట్లో ఉన్నాను. ఫోన్ మోగింది. పిన్నిగారి గ్రూపు. నొక్కాను. స్పీకరు పెట్టి ఉందని చూసుకోలేదు.

"మామిడికుదురు వదినగారికి నమస్కారమండి. మేమంతా క్షేమం. మీరన్నట్టే అడుగు బుట్టలన్నీ నూనెలో తీయించేస్తానండి, పై వరస మట్టుకు నేతివి పేరుస్తాను. వాళ్ళకేం తెలుస్తుందిలే అన్నారు గానీ, లడ్డూ చిదిపితే తెలిసిపోతుందండి. అందుకని పెద్దవాళ్ళ గడపలకి వెళ్ళేవాటికి కాస్త నెయ్యి తగిలిస్తాను. మీరేం బెంగపెట్టుకోకండి, రాజోలువాళ్ళ చెవిన పడదు. ఉంటానండి మరి. ఒసేయ్, ఆ మంట తగ్గించవే!"

కొట్లో బల్బు చూసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "అయిపోయిందండి ఆ కాపురం" అన్నాడు.

ఎవరో ఆ నిమిషంలోనే గ్రూపులో దేవుడి బొమ్మ పెట్టారట. దాంతో గ్రూపు పైకి వచ్చింది. ఆవిడ మామిడికుదురావిడ పేరనుకుని దాన్ని నొక్కారు. నేను బండి తీసి వెళ్ళేసరికి పిన్నిగారు పంచలో పీట మీద కూర్చుని ఉన్నారు, ఫోను ఒళ్ళో పెట్టుకుని. నేను అది లాక్కుని, మెసేజి తీసేశాను. అప్పటికే కింద రాజోలావిడ ఒకే ప్రశ్న రాసి ఉంది.

"పిన్నిగారూ, ఇది మా ఇంటికి వచ్చేదేనా అండి?"

మామిడికుదురావిడ కూడా విన్నట్టు ఫోన్లో నీలం గుర్తు పడింది.

"పిన్నిగారూ, ఇప్పుడు మీరేమీ మాట్లాడకండి" అన్నాను. "ఏం రాయాలో నేను ఆలోచించి చెబుతాను. రెండు వాక్యాలు. ముందు రాజోలావిడకి విడిగా ఫోన్ చేద్దాం."

"ఏమని? ఊరి పేర్లు రెండూ చెప్పేసేను కదండీ."

"కాస్త ఆగండి, ఆలోచిద్దాం."

"ఆయ్" అన్నారు. అని, చెంగు భుజం చుట్టూ కప్పుకున్నారు. అది చూసైనా నాకు తెలియవలసింది. ఫోన్ని రెండు చేతుల్లోకి తీసుకుని గ్రూపుకే చెప్పారు.

"అందరికీ నమస్కారమండి. ఇందాక నేను పెట్టినదాంట్లో మామిడికుదురు వదినగారి తప్పేమీ లేదండి. ఆవిడ అన్నీ నేతివే చెయ్యమన్నారు, కోడలికి లోటు రాకూడదని మరీమరీ చెప్పేరు. నూనె మాట నాది. నాకు మిగులుతుందని ఆశపడి, ఆవిడ అన్నట్టుగా ఆవిడకే చెప్పి ఒప్పించాలని చూసేను. ముసలిదాన్ని, బుద్ధి గడ్డి తింది. తప్పంతా నాదండి. ఉంటాను మరి."

ఈసారి వేలు సమయానికి తీశారు.

నేను లేచి నిలబడ్డాను. "ఏం చేసేరో తెలుస్తోందా మీకు? నెయ్యని చెప్పి నూనె వేస్తానని మీ కొనేవాళ్ళందరికీ మీ నోటితో మీరే చాటేరు! ఏ శత్రువూ మీకు ఇంత పని చెయ్యడు."

"ఆయ్."

"మీ వీధిలో చెప్పిన అబద్ధం కాదండీ ఇది, నాలుగు రోజుల్లో అందరూ మరిచిపోడానికి. హైదరాబాదు వెళ్ళిపోయింది, దుబాయి వెళ్ళిపోయింది."

"ఎంత దూరమైనా వెళ్ళనివ్వండి. మామిడికుదురు చేరితే చాలు."

ఆపైన జరిగింది నేను ముందే చెప్పగలిగేవాణ్ణి. మా సీమంతానికీ నూనేనా అని ఒకరు. మా అమ్మాయి పెళ్ళిలో అందుకే కాబోలు దగ్గులొచ్చాయి అని ఇంకొకరు. ఎవరో నూనె డబ్బా బొమ్మ పెట్టారు. నవ్వే మొహాలు, దణ్ణాలు. ఒక్కొక్కళ్ళే గ్రూపులోంచి వెళ్ళిపోవడం మొదలైంది. ఇదివరకు కొనేవాళ్ళ మధ్య దుకాణదారుడు గోడలా ఉండేవాడు. ఒకరికి ఒకటి చెప్పినా, ఇంకొకరికి ఇంకొకటి చెప్పినా ఆ గోడ దాటేది కాదు. ఇప్పుడు గోడ లేదు, అందరూ ఒకే పంచలో కూర్చున్నారు. దీన్ని నేను ఎన్ని దుకాణాల్లో చెప్పానో. ఆవిడకీ చెప్పాను. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు చూసుకుని ఆవిడ ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చెయ్యసాగారు.

"ఏమండీ, చెప్పకుండా వెళ్ళిపోయేరంట. ఇంటికొచ్చినవాళ్ళు అలా వెళ్ళిపోతే ఎలాగండీ?"

నేను ఫోను లాక్కోబోయాను. ఇవ్వలేదు.

మామిడికుదురావిడ సాయంత్రం ఫోన్ చేసింది. కృతజ్ఞత చెబుతుందేమోనని నేనూ పక్కన కూర్చున్నాను.

"ఏమండీ, తప్పు మీదేనని మీరే అన్నారు కదా. మరి అన్నీ నేతివే పంపుతారు కదండీ? మనం అనుకున్న డబ్బుకే?"

"ఆయ్, తప్పకుండానండి వదినగారూ."

ఆ ఆయ్ మాత్రం నిజంగా ఒప్పుకున్న ఆయ్. అరుగు మీద పేపరు పేజీ తిరిగింది.

అన్నీ నేతివే చేశారు. ఒక్క బుట్టలోనైనా నూనె పడనివ్వలేదు. దానికి ఎంత అయిందో లెక్క వెయ్యబోతే, నా చేతిలో కాజా పెట్టి నోరు మూయించారు. శ్రావణ పట్టీ రాజోలు వెళ్ళింది.

కోడలు అత్తవారింటికి బయలుదేరే ముందురోజు రాజోలావిడ స్వయంగా వచ్చింది. పట్టీ వచ్చిన బుట్టలు ఆటోలో వేసుకుని తెచ్చింది. నేను అక్కడే ఉన్నాను, పిన్నిగారి పేజీ తీసేద్దామా వద్దా అని మాట్లాడడానికి. రాజోలావిడ బుట్టలు దింపించి, కూర్చోకుండా నిలబడింది.

"మంచి నెయ్యండి పిన్నిగారూ. మా వీధంతా మెచ్చుకున్నారు."

"సంతోషమండి. కూర్చోండి, కాఫీ తెస్తాను."

"కాఫీకి రాలేదండి. ఒక మాట తెలుసుకుని వెళదామని వచ్చేను. మీ దగ్గర గుట్టు ఉంటుందని నాకు తెలుసు, ఎవరికీ చెప్పను. ఆ నూనె మాట ఎవరిదండి?"

పిన్నిగారు కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంటున్నారు. ఆ ఒక్క క్షణం, చెప్పేస్తారేమోననుకున్నాను. చెప్పెయ్యాలనే కోరుకున్నాను. రాజోలావిడ మాట తప్పే మనిషిలా లేదు. ఆవిడ ఒక్కర్తి నమ్మితే, ఆ వైపు బేరాలు నిలబడతాయి.

"నాదేనండి" అన్నారు పిన్నిగారు.

"'వాళ్ళకేం తెలుస్తుందిలే' అన్నది కూడానా?"

"అదీ నాదేనండి."

"మా వియ్యపురాలు అనలేదు?"

"ఆవిడ అనదండి. కోడలంటే ప్రాణం ఆవిడకి."

రాజోలావిడ ఆవిడని తేరిపార చూసింది. తరవాత నావైపు చూసింది. నేను బుట్టలవైపు చూశాను.

"అయితే ఇంక మీ దగ్గర చేయించుకోలేమండి. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోడానికి ఏముందండి? మీ జాగ్రత్త మీది."

ఆవిడ మెట్లు దిగింది. ఆటో గుమ్మంలోనే ఉంది. నేను ఇంక ఆగలేకపోయాను.

"పోనీ నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదండీ! అబద్ధం చెప్పనూ అక్కర్లేదు, నిజం చెప్పనూ అక్కర్లేదు. ఆవిడే ఏదో ఒకటి అనుకుని వెళ్ళేది. మీ పేరు కొంతైనా మిగిలేది."

"ఆ పిల్ల రేపు వెళ్ళి ఆ అత్తగారి చేతి అన్నం తినాలండి అబ్బాయిగారూ. నేను నీళ్ళు నమిలితే, ఈవిడ ఇంటికెళ్ళి కూతురికి ఏమని చెబుతుంది?"

నేను తాగిన కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇంకెవరితోనైనా అయితే వాదన గెలిచేవాణ్ణి. నేను బండి దగ్గరికి నడిచాను. ఆటో ఇంకా కదలలేదు, డ్రైవరు టీ కొట్టు దగ్గర ఉన్నాడు. రాజోలావిడ లోపల కూర్చుని ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది.

"కాదమ్మా, అడిగేను. మొహమ్మీదే అడిగేను. ఆ ముసలావిడ పనేనట. మీ అత్తగారు పాపం అన్నీ నేతివే చెప్పిందట... ఆ, ఒట్టు. ఏడవకు. రేపు వెళ్ళగానే కాళ్ళకి దణ్ణం పెట్టు."